గడ్డివామి బ్రేకు

పోయిన ఆదివారం మా తమ్ముడి కొడుకు సుధాకర్ పులివెందుల నుంచి వచ్చాడు. వాడు రావడం వింతేమీ కాదు. చీనీకాయల కాలంలో ఓ బస్తా తెచ్చి గుమ్మంలో పడేసి, కాఫీ తాగి పోతుంటాడు. వింతంతా వాడెక్కి వచ్చిన బండిది. ప్రొద్దుటూరులో మా సందు ఎంత ఇరుకంటే ఎదురింటావిడ తిరగమోత పెడితే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. ఆ సందులోకి వాడు ఒక కొత్త జీపును తోలుకొచ్చి, ముందుకు పోలేక వెనక్కి రాలేక నిలబెట్టాడు. దాని టైర్లు నా నడుము దాటి ఉన్నాయి. నేను చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని చుట్టూ తిరిగి చూసి, "ఏందిరా ఇది, జీపుకూ ట్రాక్టరుకూ పుట్టిందా?" అన్నాను. వాడికి కొంచెం రోషమొచ్చింది. "ఇది రోడ్డు లేని కాడ తిరిగే బండి అత్తా. గండికోట కాడ రాళ్లల్లో, ఏట్లో ఇసకలో, యాడికంటే ఆడికి పోతాది" అన్నాడు. "పోయేది సరే, నిలబడతాదా?" అని అడిగాను. ఆ మాట నా నోట్లో నుంచి వచ్చినా గొంతు మాత్రం మా జేజిదే, మా నాయన తల్లిది.

"అందుకే గదా శానా ఖర్చుపెట్టి బ్రేకులు మార్పించింది. టైర్లు పెద్దవి ఏసినాక కంపెనీ బ్రేకులు సాలవు అత్తా" అని వాడు వివరం మొదలుపెట్టాడు. నాకు నవ్వు ఆగలేదు. చేతిలో కాఫీ గ్లాసు ఒలికి చీర మీద పడింది. పక్కింటి వాళ్లు కిటికీలు తీసి చూశారు. వాడు పాపం ఏదో తప్పు మాట అన్నాననుకుని జీపు వైపూ నా వైపూ చూస్తున్నాడు. నేను వంటింట్లోకి పోయి పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకునే తుమ్మచెక్క మొద్దును తెచ్చి వాడి చేతిలో పెట్టాను. ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా, అరిగి నున్నబడిన మొద్దు. "ఇది తలుపు కాడిది గదా?" అన్నాడు. "తలుపు కాడికి నిన్న మొన్న వచ్చింది. నేను బి.ఎ. చదివే కాలంలో ఇదే మీ తాత జీపుకు బ్రేకు" అన్నాను. వాడు నమ్మలేదు. వాడి కోసమే ఇదంతా రాస్తున్నాను.

మా ఊరు జమ్మలమడుగుకు పెన్న అవతల. ఇప్పుడు వంతెనల మీద పోయే వాళ్లకు ఏరు ఎప్పుడు దాటారో కూడా తెలియదు. అప్పుడు మాకు పెన్న అంటే నీళ్లు కాదు, ఇసుక. ఏడాదిలో ఎక్కువ కాలం ఒడ్డు నుంచి ఒడ్డు దాకా తెల్లటి ఇసుకే. మా నాయన ఓబులేసు గొర్రెల మంద మేపి పెరిగినవాడు. తర్వాత భూమి కొని చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేశాడు కానీ, బుద్ధి మాత్రం మంద దగ్గరే ఉండిపోయింది. ఎవరో కాంట్రాక్టరు వాడి వాడి విసిగి వదిలేసిన జీపును ఆయన కొన్నాడు. పొట్టేలును కొనేటప్పుడు పళ్లు చూసినట్టు బానెట్ ఎత్తి లోపలికి తొంగిచూసి, వీపు తట్టి, బాగుందని తోలుకొచ్చాడట. దాన్ని నడపడం కూడా మందను నడిపినట్టే. ముందుకు పోవాలంటే "హ్హే" అనేవాడు. ఆపాలంటే కాలితో బ్రేకు తొక్కుతూ నోటితో "ట్ర్ర్ర్..." అని గొర్రెలను నిలేసే కేక వేసేవాడు. ఆ రెండింటిలో ఏది ఎక్కువ పనిచేసేదో చెప్పలేను.

కొన్న కొత్తలో జీపు మామూలు టైర్లతోనే ఉండేది, బ్రేకులూ మామూలుగానే పట్టేవి. చిక్కల్లా ఏట్లో వచ్చింది. ఇసుకలో దిగగానే చక్రాలు గిర్రున తిరిగి ఇరుసు దాకా కూరుకుపోయేవి. కాడెద్దులు కట్టి లాగించాలి. నేను ప్రొద్దుటూరు కాలేజీకి పోవాలంటే మొదట జీపులో ఏరు దాటి జమ్మలమడుగు బస్టాండు చేరి, అక్కడ ప్రొద్దుటూరు బస్సు ఎక్కాలి. ఎద్దులు జీపును లాగి ఒడ్డుకు చేర్చేసరికి బస్సు పోయి ఉండేది. ఈడొచ్చిన పిల్ల ఒంటరిగా ఏట్లో నడిచిపోవడం మా జేజి ఒప్పుకోదు, హాస్టలు అంటే అసలు చెవిన పడనివ్వదు. అంటే నా చదువంతా ఆ జీపు మీద ఆధారపడి ఉంది. ఏడుపు మొహంతో ఇంటికి తిరిగొచ్చిన నన్ను చూసి నాయన ఒకనాడు ట్రాక్టరు ట్రాలీకి వేసే టైర్లు నాలుగు తెచ్చాడు. రిమ్ములకు సరిగ్గా సరిపోయాయి. జీపుకు మాత్రం సరిపోలేదు, పైనున్న మడ్‌గార్డులకు రాసుకున్నాయి. నాయన రంపం తెచ్చి మడ్‌గార్డులనే కోసేశాడు.

ఆ పొద్దు నుంచి జీపు ఇసుకలో ఏనుగులా నడిచిపోయింది. మాకు రాజయోగం పట్టిందనుకున్నాం. ఎక్కడమే పెద్ద పని. అమ్మ అరుగు మీద నుంచి నేరుగా సీట్లోకి అడుగు వేసేది. జేజి రోలు మీద కాలు పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి, ఆంజనేయస్వామిని తలచుకుని ఎక్కేది. మడ్‌గార్డులు లేవు కాబట్టి వానాకాలంలో బురదంతా మా మీదే పడేది. కాలేజీలో నా ఓణీ మీద చుక్కలు చూసి కొత్త రకం అద్దకమేమో అనుకుని ఒక స్నేహితురాలు ఏ అంగడిలో కొన్నావని అడిగింది.

అయితే జీపు పోవడం నేర్చుకుని నిలబడటం మర్చిపోయింది. చక్రాలు అంతంత పెద్దవయ్యాయి, లోపలి బ్రేకులు మాత్రం పాత చిన్నవే. నాయన రెండు కాళ్లతో పెడలు మీద లేచి నిలబడి "ట్ర్ర్ర్" అన్నా అది తన దారిన తను ఇంకొంత దూరం పోయి, మనసైన చోట ఆగేది. అందుకని మా ఇంట్లో దానికి తగ్గట్టు కొన్ని అలవాట్లు ఏర్పడ్డాయి. పెరట్లో గడ్డివామి ఉండేది. సందకాడ నాయన వీధి మలుపు దగ్గరే హారను మోగించేవాడు. ఆ హారను వినగానే అమ్మ పొయ్యి మీది ఎసరు వదిలి వచ్చి దూడను విప్పి పక్కకు లాగేది, జేజి మంచం ఎత్తి గోడకు చేర్చేది, కోళ్లు వాటంతటవే రోలు చాటుకు పోయేవి. జీపు పెరట్లోకి వచ్చి వామిలోకి మూతి దూర్చి, బుస్సుమని ఆగేది. వామికి ఒక పక్క జీపు మూతి ఆకారంలో గుంట పడింది. బర్రె కూడా తెలివిమీరి, మెత్తబడిన గడ్డి అక్కడే దొరుకుతుందని ఆ గుంట దగ్గరే మేసేది. చుట్టాలొస్తే అమ్మ మొదట నీళ్లివ్వడం, ఆ తర్వాత వామికి ఎదురుగా కూర్చోవద్దని చెప్పడం మా ఇంటి మర్యాద.

జమ్మలమడుగులో గడ్డివామి లేదు కదా. అక్కడ నేనే వామిని. నాయన బస్టాండుకు ఎంతో ముందు నుంచే వేగం తగ్గించి, జీపు నడకకు దిగాక "దూకు రవణీ!" అనేవాడు. నేను ఒక చేత్తో పుస్తకాలు గుండెకు హత్తుకుని, ఇంకో చేత్తో ఈ తుమ్మమొద్దు పట్టుకుని దూకి, ముందుకు ఉరికి, చక్రం కింద పెట్టేదాన్ని. జీపు మొద్దెక్కి దిగనా వద్దా అని ఆలోచించి ఆగేది. బస్టాండులో వాళ్లకు ఇది రోజూ చూసే వేడుకైపోయింది. ప్రొద్దుటూరు బస్సు కండక్టరు నా మొద్దు పడే దాకా బస్సు కదలనిచ్చేవాడు కాదు. "పాపా, ఈ పొద్దు శానా బాగా పెట్నావు" అని మెచ్చుకునేవాడు కూడా. పరీక్షల్లో నాకు అంత మెప్పు ఎప్పుడూ రాలేదు.

ఇదంతా ఇట్లాగే జరిగిపోయేదేమో, ప్రొద్దుటూరులో మా మేనత్త కూతురి నిశ్చితార్థం రాకపోతే. జేజి మంచి చీర కట్టి, పెద్దరికంగా ముందు సీట్లో కూర్చుంది. నేను మొద్దుతో వెనక కూర్చున్నాను. ఆ పొద్దు పట్టుపావడా కట్టుకున్నాను కాబట్టి దూకడం నా వల్ల కాదని ముందే చెప్పాను. వీధిలోకి తిరగగానే మేనత్త ఇంటి ముందు షామియానా, దాని ముందు మగపెళ్లివారు చేతులు జోడించి నిలబడి కనిపించారు. మేనత్త ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకుని ఎదురొచ్చింది. నాయన "ట్ర్ర్ర్" అన్నాడు. జీపు ఆగలేదు. జేజి కూడా తొణకలేదు. చేతులు జోడించి అందరికీ నమస్కారం పెడుతూనే వాళ్ల ముందు నుంచి సాగిపోయింది. వీధి చివర తిప్పుకుని మళ్లీ వచ్చాం. వాళ్లు మళ్లీ చేతులు జోడించారు, జేజి మళ్లీ నమస్కారం పెట్టింది, జీపు మళ్లీ పోయింది. మూడోసారి వచ్చేసరికి మగపెళ్లివారు చేతులు దించి గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక కుప్పలోకి జీపును ఎక్కించి నాయన ఆపాడు. మగపెళ్లివారి తాత జేజి దగ్గరికొచ్చి, "ఏమ్మా, సంబంధం నచ్చక పోతాండారా, నచ్చి వస్తాండారా?" అని అడిగాడు.

అందరూ నవ్వారు, జేజి నవ్వలేదు. అంతమంది చుట్టాల నడుమ, షామియానా కింద నిలబడి నాయనకు తీర్పు చెప్పింది. "ఒరే ఓబులేసూ, శ్రావణమాసం వస్తాంది. గండి ఆంజనేయసామి కాడికి ఈ జీపులోనే నన్ను తీసకపో. గుడి ముందర నేను నిమ్మకాయ పెడతా. ఆ నిమ్మకాయ కాడ జీపు నిలబడాల. నిలబడితే సరి. దాన్ని తొక్కిందా, ఆ పొద్దే ఆడనే ఎవునికన్నా ఇచ్చేసి రావాల. పిల్ల సదువు గూడా అంతటితో సాలు. రోజూ ఎగిరి దూకే ఆ సదువు మనకొద్దు" అంది. జేజి నలుగురిలో ఒక మాట అంటే దాన్ని ఆమె కూడా మార్చలేదు. నేను ఇసుక కుప్ప పక్కన నిలబడి ఏడ్చాను. బి.ఎ. రెండో ఏడాదిలో ఉన్నాను. చదువు మానడమంటే ఏమిటో మా ఊళ్లో నా ఈడు వాళ్లను చూసి నాకు బాగా తెలుసు.

చిన్న టైర్లు వేస్తే జీపు పోదు, పెద్దవి వేస్తే నిలబడదు. నాయన నాలుగు రోజులు తల పట్టుకుని కూర్చుని, చివరికి ప్రొద్దుటూరు పోయి మస్తాన్ మామను వెంటబెట్టుకొచ్చాడు. మస్తాన్ మామ కువైట్‌లో మెకానిక్‌గా చేసి తిరిగొచ్చిన మనిషి. ఆయన చెప్పే దాన్ని బట్టి కువైట్‌లో ఆయన చెయ్యి పడకుండా కదిలిన బండి లేదు. వచ్చీ రాగానే మా జీపును చూసి పడీపడీ నవ్వి, "ఎడారిలో షేకులు గూడా ఇంత టైర్లు ఎయ్యరన్నా!" అన్నాడు. తర్వాత గంభీరంగా మా జేజి తిరగలి దగ్గరికి పోయాడు. "అవ్వా, నువ్వు తిప్పు. నేను ఆపుతా" అని, తిరిగే రాయిని ఒకసారి నడిమి గూటం దగ్గర పట్టుకున్నాడు, అది చేతిని తోసుకుని తిరిగింది. ఇంకోసారి అంచు దగ్గర పట్టుకున్నాడు, ఆగింది. "సూస్తివా? సక్రం పెద్దదయితే దాన్ని పట్టే చెయ్యి గూడా పెద్దది గావాల. మీ జీపుకు ఒళ్లు పెరిగింది గానీ చేతులు సంటిపిల్లోనివే ఉండాయి" అన్నాడు. నాకు అర్థమైంది. జేజి మాత్రం, "పిండి అంతా కింద పోసినావు. ముందు ఎత్తు" అంది.

బ్రేకులు లేని జీపును ప్రొద్దుటూరు దాకా తోలడం కుదరదని మామే మా ఇంట్లో మకాం పెట్టాడు. ఎక్కడో పాడుపడిన వ్యాను నుంచి విప్పిన పెద్ద డ్రమ్ములూ, కొత్త లైనర్లూ, తొక్కుడుకు బలమిచ్చే బూస్టరూ గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చాడు. ఆ బూస్టరు నల్లగా గుండ్రంగా ఉంటే జేజి దాన్ని తపేలా అనేది. "ఆ తపేలా జీపులో పెడితే సంగటి ఎందులో గెలకల్ల?" అని వేళాకోళం చేసేది. మామకు మాత్రం ముద్దలు ముద్దలు సంగటి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి వేసి తినిపించేది. కువైట్‌లో ఏం తిన్నావని అడిగి, ఆయన చెప్పేది విని, "పాపం, అందుకే ఇట్ల అబద్దాలకు అలవాటు పడినావు" అనేది.

పైపుల్లో గాలి తీసే రోజు మా ఇల్లు తిరునాళ్లలా ఉంది. గాలి మిగిలితే పెడలు మెత్తగా కూరుకుపోతుందట, బ్రేకు పట్టదట. ఒకరు పైన పెడలు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద మర వదులు చేసి గాలీ నూనే బయటికి వదలాలి. కింద మామ. పైన నాయన కూర్చుంటే తొక్కినప్పుడల్లా అలవాటుగా "ట్ర్ర్ర్" అనేవాడు. మామకు నవ్వొచ్చి చేతిలో పాన పడిపోయేది. అందుకని అమ్మను కూర్చోబెట్టారు. అమ్మ చీర చెంగు దోపి, సంగటి కర్ర చేతిలో పట్టుకునే డ్రైవరు సీట్లో కూర్చుంది. "తొక్కక్కా! పట్టు! ఇడువు!" అని కింద నుంచి కేక. అమ్మ తొక్కేది, పట్టేది, మధ్యలో దిగి పొయ్యి దగ్గరికి పోయి సంగటి గెలికి వచ్చి మళ్లీ తొక్కేది. పెళ్లయిన ఇన్నేళ్లలో తను చెప్పినట్టు ఈ ఇంట్లో ఏదైనా ఆగుతోందంటే అది ఈ జీపేనని అమ్మ చాలా సంబరపడింది. సందకాడకు పెడలు రాయిలా గట్టిపడింది. మామ చేతులు తుడుచుకుంటూ, "అయిపాయ. డబ్బాలో ఆయిలు రవ్వంత తక్కువుంది. రేపు పొద్దన పోసుకుంటే సాలు. ఇంక బేఫికర్‌గా ఉండండి" అన్నాడు. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మా జేజి నాగమ్మ ఆముదం సంగతి చెప్పాలి. అంగట్లో ఆముదం ఆమె ముట్టదు. ఆముదపు గింజలు వేయించి, దంచి, పెద్ద కడవలో నీళ్లు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను తీర్థం దోసిట్లో పట్టినంత భక్తిగా ఎత్తేది. ఆ పొద్దు ఆ వాసనకు వీధి మొదట్లోనే తెలిసేది నాగమ్మ ఇంట్లో ఆముదం కాగుతోందని. తలకు అదే, కడుపునొప్పికి అదే, బాలింతకు అదే, కీచుమనే గిలకకు అదే. దూడ కుంటినా అదే. కాలేజీకి పోయే ముందు నా నడినెత్తిన ఆమె అరచేత్తో పట్టించే ఆముదం చెవుల పక్క నుంచి కారేది. నేను బస్సులో కొంగుతో తుడుచుకునేదాన్ని. ఇంట్లో ఏ కష్టానికైనా జేజి దగ్గరున్న మందు అదొక్కటే, ప్రేమకు గుర్తూ అదే. నోటితో మంచి మాట చెప్పడం ఆమెకు రాదు.

శ్రావణ శనివారం పొద్దున్నే అమ్మతో సహా అందరం బయలుదేరాం. బిగించినవాడివి నువ్వూ కూర్చోమని జేజి మస్తాన్ మామను కూడా ఎక్కించింది. ఏరు దాటాం, జమ్మలమడుగులో నేను దూకకుండానే జీపు ఆగింది. బస్టాండంతా చప్పట్లు కొట్టారు. కండక్టరు మాత్రం కొంచెం దిగులు పడ్డట్టు అనిపించింది. ముద్దనూరు దారిలో కొండ దిగుతున్నప్పుడు నాయన కాలు ఇట్లా ఆనించగానే మేమందరం లేచి ముందు వాళ్ల వీపులకు గుద్దుకున్నాం. మామ మీసం దువ్వుకున్నాడు. నేను జేజి వైపు చూశాను. ఆమె ముఖంలో సంతోషమూ లేదు, కోపమూ లేదు. ఒళ్లో నిమ్మకాయ పెట్టుకుని కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. జీపు ఆగకూడదనే మొక్కుకుంటోందని నేను ఖాయం చేసుకున్నాను. లోలోపల ఆమెను తిట్టుకున్నాను కూడా.

పులివెందుల చేరేసరికి జీపు బరువుగా నడవసాగింది. నాయన బ్రేకు మీది కాలు తీసినా అది వేగం తగ్గిపోయి ఒక టీ అంగడి ముందు తనంతట తానే నిలబడింది. "సూసినారా, మనకు టీ కావల్లని దానికి గూడా తెలిసిపాయ! కువైట్‌లో గూడా ఇంత తెలివి సూడలే" అన్నాడు మామ. టీ తాగే లోపల అది చల్లబడింది, మళ్లీ కదిలింది. ఎవరికీ అనుమానం రాలేదు.

గండిలో జనం పాపాఘ్ని ఏటి దాకా నిండి ఉన్నారు. జేజి గుడికి ఇంకా దూరం ఉండగానే దిగి, జనాన్ని పక్కకు జరిపి, దారి మధ్యలో నిమ్మకాయ పెట్టింది. పెట్టి పక్కకు తప్పుకోలేదు. నిమ్మకాయ వెనకే నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "అమ్మా, నువ్వు జరుగు" అని నాయన సీట్లో నుంచి అరిచాడు. "నేను జరగను. నువ్వు రా" అంది. నాయన "హ్హే" అన్నాడు. జీపు వచ్చింది. జనం చూస్తున్నారు. నాయన పెడలు మీద కాలు వేసి, ఊరంతా వినేలా "ట్ర్ర్ర్..." అన్నాడు. పెద్ద టైరు నిమ్మకాయను ముద్దు పెట్టుకుందా అన్నంత దగ్గరికి వచ్చి, కీచుమనకుండా నిలబడిపోయింది. నేను అరిచిన అరుపుకు గుడి మీది కోతులు చెట్లెక్కాయి. నా బి.ఎ. నాకు దక్కింది. మస్తాన్ మామ జేజి చేతులు పట్టుకుని ఊపేశాడు. జేజి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. దుమ్ము పడిందంది.

పూజారి వచ్చి జీపుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, మిగతా మూడు చక్రాల కింద కూడా నిమ్మకాయలు పెట్టించి హారతిచ్చాడు. "ఇంక కాయల మీదుగా బండి ముందుకు తోలు నాయనా" అన్నాడు. నాయన తోలాడు. జీపు కదల్లేదు. ఇంజను గొంతు చించుకుంది, జీపు మాత్రం రాయిలా ఉంది. పదిమంది వెనక నుంచి తోశారు. నిమ్మకాయకు చర్మం కూడా చిట్లలేదు. "హ్హే, హ్హే" అని నాయన బతిమాలాడు. ఇంతలో ఒక కోతి దిగి వచ్చి బానెట్ మీద కూర్చుని కొబ్బరిచిప్ప తినసాగింది. జనంలో ఎవరో, "సామి పట్టుకున్న్యాడప్పా బండిని!" అన్నారు. అంతే. ఆడవాళ్లు వచ్చి జీపు చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టారు. ఒకామె ట్రాలీ టైరుకు కుంకుమ పెట్టి కళ్లకు అద్దుకుంది. ఒక ముసలాయన, "ఎన్ని దినాలు నిలబడతాడంటా సామి?" అని నన్నే అడిగాడు. పూజారి హారతి పళ్లెం పట్టుకుని, ఇది శాస్త్రంలో లేదే అన్నట్టు చూస్తున్నాడు.

మస్తాన్ మామ కోతిని బతిమాలి దించి, బానెట్ ఎత్తి, బ్రేకు నూనె డబ్బా మూత తీశాడు. వేలు ముంచాడు. వేళ్ల మధ్య రాసి చూశాడు. బంకలా సాగింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకు ఆ వాసన అంత దూరం నుంచే తగిలింది. నా తలలో నుంచి రోజూ వచ్చే వాసన. మామ నన్ను చూశాడు, నేను అమ్మను చూశాను, అమ్మ నాయనను చూసింది. జేజి ఎవరినీ చూడకుండా గుడి గోపురం వైపు చేతులు జోడించింది.

"అవ్వా!" అన్నాడు మామ.

"ఏంది? ఆయిలు తక్కువుందని నువ్వే గదా అన్న్యావు" అంది జేజి.

"బ్రేకాయిలు అవ్వా! ఆముదం గాదు! సిక్కటి ఆముదం పోస్తే తొక్కినప్పుడు పోతాది గానీ, ఇడిస్తే ఎనక్కి రాదు. పట్టు పట్టినట్టే ఉంటాది."

"నీ సీసాలోది నీళ్ల మాదిరుంది. దానికేం బలముంటాది? మా ఇంట్లో ఇందరి మోకాళ్లు నిలబెట్టింది నా ఆముదం, ఒక జీపును నిలబెట్టలేదా? నిలబెట్టింది గదా!"

నాయన జీపు దిగి వచ్చాడు. ఆయనకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "అదిగాదమ్మా, నిలబడకుంటే ఇచ్చేయాలన్నది నువ్వే గదా. మళ్లా నువ్వే పోసినావా?" అని అడిగాడు.

జేజి నా వైపు తిరిగి, చెదిరిన నా పాపిట సర్దుతూ, "నలుగురిలో ఒక మాట అంటి. ఆ మాట ఎనక్కి తీసుకుంటే నన్నెవురు లెక్కపెడతారు? అందుకే జీపే నిలబడల్ల. అది నిలబడకుంటే నువ్వు ఇంట్లో కూచ్చోవల్ల గదే. పొద్దన దేవుని కాడ దీపానికి పెట్టుకున్న ఆముదమంతా పోసినా" అంది. నేను ఆమెను పట్టుకుని అంత జనంలో ఏడ్చాను. దారి పొడుగునా ఆమె గొణిగిన మొక్కు ఏమిటో అప్పుడు తెలిసింది.

తర్వాత మామ జీపు కిందికి దూరి మర వదులు చేశాడు. ఆముదం చిమ్ముకుని ఆయన మీసానికే పట్టింది. ఆయన బయటికి వచ్చాక నాయన తోలగానే, పట్టు వదిలిన జీపు ఒక్క ఊపున ముందుకు పోయి నాలుగు నిమ్మకాయలనూ పచ్చడి చేసింది. జనం గోవిందలు కొట్టారు. వేంపల్లెకు మనిషిని పంపి అసలైన బ్రేకాయిలు తెప్పించి, పైపులన్నీ కడిగి, మళ్లీ గాలి తీశాం. అమ్మే తొక్కింది. ఈసారి సంగటి కర్ర లేదు కాబట్టి గుడి దగ్గర కొన్న కొబ్బరికాయ పట్టుకుని తొక్కింది. ఆ జీపులోనే నేను బి.ఎ. ముగించాను, ఆ తర్వాత పంతులమ్మనయ్యాను. వామి గుంట మెల్లగా పూడిపోయింది. బర్రె మాత్రం చాలాకాలం అక్కడికే పోయి వెతుక్కునేది.

సుధాకర్ జీపులో అన్నీ ఉన్నాయి. టైర్లో గాలి తగ్గితే అద్దం మీద చెబుతుంది, వాలులో తనే పట్టుకుంటుంది, వెనక ఏముందో బొమ్మ చూపిస్తుంది. బ్రేకు సంగతి ఎవరిని అడిగావురా అంటే, ఫోన్లో చూసి తెప్పించానన్నాడు. ఇంట్లో ఎవరైనా పెడలు తొక్కారా అంటే తెల్లబోయాడు. వాడి జీపు మా జీపు కంటే వెయ్యి రెట్లు మంచిది, ఆ మాట ఒప్పుకుంటాను. మొద్దు పట్టుకుని దూకాల్సిన కాలం మళ్లీ రాకూడదు. నా మోకాళ్లు కూడా ఒప్పుకోవు.

"రా అత్తా, గండికి పోయొద్దాం. నిమ్మకాయలు పెట్టియ్యాల గదా" అన్నాడు వాడు. నేను ముందు బానెట్ ఎత్తమన్నాను. బ్రేకు నూనె డబ్బా మూత తీయించాను. చీర కొంగు సర్దుకుని, వంగి, వాసన చూశాను. మందుల అంగడి వాసన. మళ్లీ చూశాను.

"ఏంది అత్తా, ఏమన్నా తక్కువుందా?" అని వాడు కంగారుగా అడిగాడు.

"ఆయిలు నిండుగానే ఉందిరా" అన్నాను. కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందని చెప్పి, మొద్దు ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చున్నాను.